దసరా బొట్టు

మా కింది వాటాలో కుళాయికి బొట్టు పెట్టి ఉంటుందని నేను ఏడాది పాటు నలుగురికీ గొప్పగా చెప్పుకు తిరిగాను. ఆ తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుంది.

నా పేరు శ్రీలలిత. యూనివర్సిటీలో ముప్పై రెండేళ్లు ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యాను. పెళ్లి జోలికి పోలేదు. మా నాన్నగారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి తార్నాకలో కట్టుకున్న ఇంట్లో పైన నేనుంటాను. కింద ఒక గదీ, వంటిల్లూ. అందులో తొమ్మిదేళ్లుగా భూదేవి, ఆమె భర్త కొమురెల్లి ఉంటున్నారు. ఇది భూదేవి సంగతి. మధ్యమధ్యలో నేను దూరితే విసుక్కోకండి, ఎవరూ అడ్డు చెప్పకుండా గంటలకొద్దీ మాట్లాడే ఉద్యోగం చేసినదాన్ని.

భూదేవికి యాభై ఆరేళ్లు. జనగామ పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది. పొద్దున ఆరున్నరకల్లా అక్కడ వేలిముద్ర పడాలి. ఇంట్లోంచి బయల్దేరి, మెయిన్ రోడ్డు దాటి, క్యాంపస్ గేట్లో పడి, చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ బట్టీపట్టే పిల్లల్ని చూసుకుంటూ హాస్టల్ దాకా ఇరవై నిమిషాల నడక. "గా ఇరవై నిమిషాలు నేను ఎవ్వల దాన్ని గాను మేడం," అనేది. నాకు అర్థమైందనుకుని తల ఊపేదాన్ని.

కొమురెల్లి లాలాపేట్‌లో ఒక లేత్ షెడ్డులో నలభై ఏళ్లు మిషన్ నడిపాడు. ఆరడుగుల మనిషి. ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మూడేళ్ల కిందట ఒకరోజు షెడ్డు నుంచి ఇంటికొచ్చే దారి మరిచిపోయి మౌలాలి దాకా నడుచుకుంటూ పోయాడు. అక్కడినుంచి ఒక్కొక్కటే మరిచిపోవడం మొదలైంది. ముందు నిన్నటి సంగతులు, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత భూదేవి పేరు. ఇప్పుడామెను "ఓ అక్కా" అంటాడు. ముప్పై ఐదేళ్ల కాపురం చేసిన భార్యను అక్కా అంటే ఆమెకెలా ఉంటుందో నేనడగలేదు. అడక్కుండానే చెప్పింది: "అక్క అంటే మంచిదే మేడం. అక్కకు ఎదురు చెప్పడు గద."

ఇక దసరా సంగతి. లేత్ షెడ్లలో దసరా ఎలా చేస్తారో నాకు భూదేవే చెప్పింది. ముందురోజు మిషన్లను కిరోసిన్‌తో కడిగి తుడుస్తారు. పానాలు, సుత్తులు, కట్టర్లు అన్నీ వరసగా పేరుస్తారు. ప్రతిదానికీ పసుపు, కుంకుమ బొట్టు. బంతిపూల దండ, నిమ్మకాయ, కొబ్బరికాయ. మెయిన్ స్విచ్ ఆపేస్తారు. బొట్టు పెట్టాక ఆ రోజు దేన్నీ ముట్టుకోకూడదు. ఏడాదంతా పనిచేసిన వస్తువుకు అదొక్కటే సెలవు. తెల్లారి నీళ్లు చల్లి, దండం పెట్టి, అప్పుడు స్విచ్ వేస్తారు. కొమురెల్లికి దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు గానీ ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం రాయి. ఇంట్లో ఉన్న తన పాత పానాల సంచికి కూడా బొట్టు పెట్టి ఆ రోజు ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఎందుకంత పట్టుదల అంటే చెప్పేవాడు కాదు.

భూదేవికి ఎన్నాళ్ల నుంచో కడుపులో ఒక మంట ఉంది. ఆయన సుత్తికి, పానాకు పండుగ. ఆమె కత్తిపీటకు, రోలుకు ఏముంది? దసరా నాడు ఆయన పానాలు పూలు పెట్టుకుని కూర్చుంటే, వచ్చిన చుట్టాలందరికీ మాంసం కోసి, మసాలా నూరి, వండి పెట్టింది ఈమె పనిముట్లే కదా. నిజమే. ఏ ఆడదాన్నడిగినా నిజమే అంటుంది.

రెండేళ్ల కిందటి దసరాకు కొమురెల్లి షెడ్డుకు పోయే స్థితిలో లేడు. పొద్దున్నే స్నానం చేసి, కుంకుమ డబ్బా పట్టుకుని, బొట్టు పెట్టడానికి ఏమీ లేక గది మధ్యలో నిలబడి ఏడ్చాడు. భూదేవికి జాలేసింది, దానితోపాటే పాత కోపం కూడా గుర్తొచ్చింది. వంటింట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెచ్చి ఆయన ముందు పెట్టింది. కత్తిపీట, చిన్న రోలు, చాట, అప్పడాల కర్ర, మిక్సీ.

"ఇవి నా పానాలు," అంది. "నేనొచ్చి ముప్పై మూడేండ్లాయె. ఎన్నడన్న వీటికి బొట్టు పెట్టినవా? ఇయ్యాల పెట్టు."

ఆయన పెట్టాడు. ఉంగరం వేలితో, ఎక్కడా చెదరకుండా, ఒకే కొలత బొట్లు. గ్యాస్ పొయ్యికి పెట్టాడు, సిలిండర్‌కు పెట్టాడు, కుళాయికి పెట్టాడు, చీపురు కట్టకు పెట్టాడు. భూదేవి నన్ను పైనుంచి పిలిచి మరీ చూపించింది. ఆమె మొహం ఆ రోజు ఎంత బాగుందో నేనిప్పటికీ మరచిపోలేను. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను.

కొరివితో తల గోక్కోవడం అంటే అదే అని మా ఇద్దరికీ ఆ పూట తెలియలేదు. ఎందుకంటే కొమురెల్లికి దసరా అయిపోయిందన్న సంగతి గుర్తుండలేదు. మర్నాడు తెల్లవారుజామునే లేచి స్నానం చేసి, వస్తువులకు నీళ్లు చల్లి, దండం పెట్టి, అంతవరకు సరిగ్గానే చేసి, మళ్లీ కుంకుమ డబ్బా తీశాడు. ఆ తర్వాతి రోజూ అంతే. వాళ్లింట్లో రోజూ దసరాయే.

రోజూ అన్నిటికీ పెట్టడు. ఆ రోజు చెయ్యి దేనిమీద పోతే దానికి. నాలుగు కావచ్చు, ఏడు కావచ్చు. పెట్టినదాన్ని మాత్రం ఆ రోజు ఎవరూ ముట్టకూడదు. పొయ్యికి పెట్టిన రోజు వంట లేదు. నేను పైనుంచి పంపేదాన్ని. కుళాయికి పెట్టిన రోజు నా బాత్రూంలోంచి బకెట్లు మోసుకుపోవాలి. చెప్పులకు పెట్టిన రోజు భూదేవి వట్టి కాళ్లతో క్యాంపస్‌కు పోయింది. ఒకసారి ఆమె అటు తిరిగి చూడకుండా బొట్టు పెట్టిన మిక్సీ వాడేసింది. కొమురెల్లి ఆమెను ఏమీ అనలేదు. గోడ దగ్గరకు పోయి తన తలే బాదుకున్నాడు, నెత్తురు కారేదాకా. ఇంకెప్పుడూ ఆమె బొట్టు మీద చెయ్యి వేయలేదు.

కుంకుమ దాచేస్తే సరిపోతుందని నేను సలహా ఇచ్చాను. ఫిలాసఫీ చదివిన బుర్ర కదా. దాచింది. ఆయన పెరట్లో ఇటుక ముక్క అరగదీసి పెట్టాడు. ఇటుకలు తీయించేశాం. కారప్పొడి తీసుకుని, అదే చేత్తో కళ్లు నలుపుకుని రోజంతా మంటతో అరిచాడు. కుంకుమ డబ్బా తెచ్చి మళ్లీ దేవుడి గూట్లో పెట్టేసింది భూదేవి.

నా సెమినార్ ఘనకార్యం సరిగ్గా ఆ రోజుల్లోనే. క్యాంపస్‌లో నన్ను మాట్లాడమని పిలిచారు. 'ఇంటి వస్తువుల్లో పవిత్రత' అని పేరు పెట్టుకుని, ఆ ఫోటోలన్నీ తెర మీద వేసి గంటన్నర దంచాను. జ్ఞాపకం పోయినా భక్తి పోలేదన్నాను. గుడికీ వంటింటికీ మధ్య గోడ కూల్చిన మహానుభావుడు అన్నాను. ఒకటే చప్పట్లు. ముందు వరసలో ఒక పిల్ల కళ్లు తుడుచుకుంది. ఆ ఊపులోనే ఇంటికొచ్చి మెట్ల దగ్గర కనిపించిన భూదేవికి అంతా చెప్పాను. ఆమె చేతిలో నా బకెట్ ఉంది.

"మంచిగ చెప్పినరా మేడం?"

"బాగా చెప్పానమ్మా. అందరూ చప్పట్లు కొట్టారు."

"కొట్టిండ్రా? మంచిదే. జర జరుగుండ్రి, ఇంకో రెండు బకెట్లు పట్టుకోవాలె. నా కుళాయి దేవుడైండు గద."

రెండు మెట్లు ఎక్కి మళ్లీ ఆగింది. "దేవుడు గుళ్లె ఉంటే పోయి దండం పెట్టి వస్తం. ఇంట్ల ప్రతిదాంట్ల దేవుడే కూసుంటే మనిషి ఏడ కూసోవాలె మేడం? మీ సెమినార్ల ఎవ్వలన్న అడిగిండ్రా?"

ఎవరూ అడగలేదు.

అసలు చిక్కు ఈ ఏడాది వానాకాలంలో మొదలైంది. కొమురెల్లి తలుపు గడియకు బొట్టు పెట్టాడు.

వాళ్ల వాటాకు ఒకటే తలుపు. వీధివైపు ఒక కిటికీ, దానికి ఇనుప చువ్వలు. ఆయన పొద్దున అయిదింటికి గడియకు బొట్టు పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఇంక తియ్యకూడదు, సెలవు. బతిమాలింది, తిట్టింది, సిగరెట్ తెస్తానంది, షెడ్డుకు పోదాం లెమ్మంది. ఆయన కదల్లేదు. చివరకు కూర్చున్నచోటే కునికిపాట్లు పడితే మెల్లగా జరిపి, గడియ తీసుకుని పరుగెత్తింది. ఎనిమిదింటికి మెస్సు చేరింది. అప్పటికి టిఫిన్ అయిపోయింది.

మెస్సు కాంట్రాక్టు అప్పుడే కొత్తవాడి చేతికి వచ్చింది. అతగాడు నోటీసు అంటించాడు: నెలలో మూడు లేట్లు పడితే పేరు తీసేయడమే. అతనికి ఈ ఇంటి సంగతి భూదేవి చెప్పుకుంది. "గడియకు బొట్టు పెట్టిండా? మంచి సాకు దొర్కింది నీకు," అన్నాడట. మెస్సు పిల్లలంతా భూదేవక్కా, భూదేవక్కా అని చుట్టూ తిరుగుతారు, కానీ వేలిముద్ర మిషన్‌కు అక్కాచెల్లీ ఉండరు కదా.

గడియే ఊడబీకించేద్దామన్నది నా రెండో సలహా. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఆయన గడపకు పెట్టాడు. నేను కిటికీలోంచి వాదించాను. "గడపకు రోజూ బొట్టు పెడతాం కదయ్యా కొమురెల్లీ, పెట్టి దాటుతూనే ఉంటాం కదా?" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "అది ఇంటి బొట్టు. ఇది దసరా బొట్టు," అన్నాడు. నా తర్కం అక్కడితో సరి. కొత్త గడియ బిగించాం, దొంగల భయమన్నా తీరుతుందని. ఆ నెలలో రెండో లేటు గడప ఖాతాలో పడింది.

కూతురు సింధూజ గోల్‌నాకలో ఉంటుంది. పిల్లల్ని బడికి పంపి, రోజూ తొమ్మిదింటికి బస్సెక్కి వచ్చి, తల్లి తిరిగొచ్చేదాకా తండ్రి దగ్గర ఉంటుంది. ఆమె వచ్చేదాకా నేను పైనుంచి ఓ కన్నేసి ఉంచుతాను. మంచి పిల్ల. "పని బంద్ చెయ్యమ్మా. నాయిన దగ్గర కూసో. నేను గూడ ఇంకెన్ని రోజులు తిరుగుత?" అని ఒకరోజు అడిగింది. అడగడంలో తప్పేముంది?

భూదేవి ఆ సాయంత్రం నా దగ్గరకొచ్చి కూర్చుంది. ఆమె అలా ఊరికే కూర్చోవడం తొమ్మిదేళ్లలో నేను చూడలేదు.

"పని పోతే నేను చచ్చిపోత మేడం," అంది. "తిండికి కాదు. సింధూ పెడ్తది. ఆడికి పోతే నేను మనిషిని. కూర మంచిగున్నది అక్కా అంటరు, ఉప్పెక్కువైంది అక్కా అంటరు. ఈడ నన్ను ఉప్పెక్కువైందనెటోడు గూడ లేడు. రోజంత గా గదిల కూసుంటే నేను గూడ గోడకు మేకునైత. నాకు గూడ బొట్టు పెడ్తడు, అయిపోతది."

ఆ మాట ఆమె ఊరికే అంది. నేనూ ఊరికే విన్నాను.

తర్వాతి వారం మెస్సులో సాంబారు బగోనె దింపుతుంటే తొణికి ఆమె ఎడమచేతి మీద పడింది. మణికట్టు నుంచి వేళ్ల దాకా బొబ్బలు. గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచీ కొమురెల్లి సాయంత్రం పూట ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఆ కట్టు వంక చూస్తూ కూర్చునేవాడు. "గుర్తు పట్టవట్టిండు మేడం," అని ఆమె సంబరపడింది. ఒంట్లో మంట ఉన్నా మొహంలో వెలుగుంది. నేనూ సంబరపడ్డాను.

ఆ శుక్రవారం పొద్దున ఆరవుతుండగా కింద నుంచి నా పేరు పెట్టి అరుపు వినిపించింది. మేడం అని కాదు, "శ్రీలలితమ్మా" అని. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.

తలుపు లోపల్నుంచి వేసి ఉంది. కిటికీ దగ్గర భూదేవి నిలబడి ఉంది. చీర కట్టుకుని, మోచేతికి సంచి తగిలించుకుని పనికి తయారై ఉంది. రెండు చేతులూ ఎదురుగా పైకెత్తి పట్టుకుంది. ఎడమచేతి కట్టు విప్పేసి ఉంది. పది వేళ్లకూ పది బొట్లు. పసుపు రాసి, మధ్యలో కుంకుమ. కాలిన చేతి మీద మాత్రం బొబ్బలకు తగలకుండా గోళ్ల మీద పెట్టాడు. అంత జాగ్రత్త ఆ మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందో.

"నిద్రల ఉన్నప్పుడు పెట్టిండు మేడం," అంది. "లేచి చూస్తే గిట్లున్నయి. చెంబు పట్టుకుందామంటే వద్దంటడు. మొఖం ఆయనే కడిగిండు, చీర కుచ్చిళ్లు గూడ ఆయనే పెట్టిండు. చాయ్ గూడ ఆయనే తాగిపిచ్చిండు. గడియ తియ్యనిస్తలేడు. గడియకు బొట్టు లేదు, నా చేతులకున్నది. ఈ చేతులతోటి ఇయ్యాల ఏదీ ముట్టొద్దంట. ఇయ్యాల లేటైతే మూడోది మేడం."

కొమురెల్లి ఆమె వెనకే ఉన్నాడు. ఆయనేమీ కోపంగా లేడు. పూజ బాగా జరిగిన ఇంటి యజమాని లాగా ప్రశాంతంగా ఉన్నాడు.

"కొమురెల్లీ, ఆమెను పోనీ. పని ఉంది," అన్నాను.

"మిషన్‌కు దెబ్బ తాకింది," అన్నాడు ఆయన. ఆ గడప మాట తప్ప ఏడాదిలో ఆయన నోట అంత స్పష్టమైన మాట వినలేదు. "దెబ్బ తాకిన మిషన్ నడపొద్దు. అసలే దసరా."

"దసరా కాదయ్యా, శ్రావణమాసం."

"గా రోజు గూడ గిట్లనే అన్నడు." ఆయన కళ్లు నా వెనకాల ఎక్కడో ఉన్నాయి. "దసరా గిసరా లేదు, అర్జెంటు ఆర్డర్ ఉన్నదన్నడు షెడ్డు సేటు. బొట్టు పెట్టినం సేటూ అన్న. జేబుల నుంచి దస్తీ తీసి మిషన్ బొట్టు ఆయనే తుడిసిండు. స్విచ్ ఎయ్యి అన్నడు."

భూదేవి వెనక్కి తిరిగింది. "ఏమంటున్నవ్?"

"బుచ్చిరాములు ఉన్నడు మిషన్ కాడ. నాలుగు వేళ్లు పోయినయి. ఈ చేతియి." తన కుడిచెయ్యి చూపించాడు. "కింద పడ్డయి. నేనే ఏరిన."

భూదేవికి బుచ్చిరాములు తెలుసు. పాతికేళ్ల కిందట షెడ్డులో కొమురెల్లితో పనిచేస్తూ, పెళ్లిళ్లకు వస్తూ పోతూ ఉండే మనిషి. చెయ్యి పోయి ఊరికి వెళ్లిపోయాడని తెలుసు. అది దసరా రోజని తెలియదు.

"స్విచ్ ఎవ్వలేసిండ్రు?" అంది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదని తర్వాత చెప్పింది.

"నేనే ఏసిన," అన్నాడు కొమురెల్లి. "సేటు చెప్పిండు. నేనే ఏసిన."

ఆరూ ఐదయింది. నా చేతికి గడియారం ఉంది కాబట్టి తెలిసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెంటి మధ్య జానెడు చోటులో నిలబడి ఉంది భూదేవి. ముప్పై ఐదేళ్లు ఎదురుచూసిన మాట ఇప్పుడొచ్చింది: ఆమె చేతులు ఆయనకు అన్నిటికంటే విలువైనవి. ఆ మాట తీసుకుని ఇంట్లో కూర్చుంటే బయట ప్రపంచంలో ఆమె పేరు కొట్టేస్తారు. ఆమె ఏడ్చింది. నేను తొమ్మిదేళ్లలో మొదటిసారి చూశాను. కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆ చేతులు వాడలేదు, భుజానికి రాసుకుంది.

తర్వాత రెండు చేతులూ చువ్వల్లోంచి బయటకు చాపింది.

"తుడువుండ్రి మేడం."

"నువ్వే కడుక్కోకూడదూ?"

"మొగడు పెట్టిన బొట్టు, ఆయన బతికుండంగ నా చేతోటి నేను తుడుసుకోవాల్నా? నాతోటి గాదు. మీకు గీ పట్టింపులు లెవ్వు గద. తుడువుండ్రి, టైం అయితున్నది."

నాకు పట్టింపులు లేవనుకునేదాన్ని. పది బొట్లు, ఒకే కొలత, ఎక్కడా చెదరలేదు. నా చీర కొంగు తడిపి ఒక్కొక్క వేలే తుడిచాను. కుడిచెయ్యి గబగబా, ఎడమచెయ్యి భయంభయంగా. నా తెల్లటి కొంగు ఎర్రబడింది. తుడుస్తున్నంతసేపూ కొమురెల్లి ఆమె భుజం మీదుగా నా చేతులు చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు గోడకేసి తల కొట్టుకుంటాడనే అనుకున్నాను.

కొట్టుకోలేదు. పదో బొట్టు పోగానే భుజాలు జారిపోయాయి. నా కొంగు వంక, నా మొహం వంక చూసి, "సరే సేటూ," అన్నాడు. అంత పెద్ద మనిషీ చేతులు కట్టుకుని నిలబడి, ఆ తర్వాత తనే పోయి గడియ తీశాడు. తలుపు బార్లా తెరిచి, "నేనేం చేస్త. సేటు చెప్పిండు," అని గోడతో చెప్పుకున్నాడు.

భూదేవి ఒక్క క్షణం ఆయన ముందు ఆగింది. నావైపు చూడలేదు. గేటు దాకా మామూలుగా నడిచి, వీధిలో పడ్డాక పరుగెత్తింది. మెయిన్ రోడ్డు మీద ఆటో దొరికిందట. ఆరూ ఇరవై ఏడుకు వేలిముద్ర పడింది. మిషన్ మొదట చదవలేదట, వేలి గీతల్లో ఇంకా కుంకుమ ఉందని. పమిటకు రుద్దుకుని మళ్లీ పెట్టిందట.

ఆ రోజు సింధూజ వచ్చేదాకా కొమురెల్లి దగ్గర నేనే కూర్చున్నాను. ఒక పాత గుడ్డ, దూది ఉండ, పసుపు డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. అవి ఎందుకో నాకు మధ్యాహ్నానికి గానీ తట్టలేదు: ఆమె వేళ్లు పోగొట్టుకుని వస్తే కట్టు కట్టడానికి. అన్నం తినలేదు. సింధూజ తినిపించబోతే నోరు బిగించాడు. వీధిలో ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా లేచి నిలబడ్డాడు. నాకు పైకి పోవాలనిపించింది గానీ పోలేకపోయాను. సేటును కదా.

మూడింటికి భూదేవి వచ్చింది. గేటు దగ్గర ఉండగానే ఆయన పరుగున ఎదురు పోయాడు. ఆమె సంచి లాగి కింద పడేసి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక్కొక్క వేలే పట్టుకుని లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆగి మళ్లీ మొదట్నుంచి. పది దాకా వచ్చాక ఆమె రెండు చేతుల్నీ తన మొహానికి అదుముకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఉన్నయి. పదీ ఉన్నయి," అన్నాడు. భూదేవి వీధిలో అందరూ చూస్తుండగా ఆయన తల నిమురుతూ నిలబడింది. "ఉన్నయి లే. ఏడ పోతయి," అంది.

నాకు కూడా ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మెట్లెక్కబోతుంటే ఆయన పిలిచాడు.

"సేటూ. నీ చేతులు."

దగ్గరకు పోయి చాపాను. వాటిని కూడా పట్టుకుని, అంతే ఓపికగా, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాడు. తిప్పి అరచేతులు చూశాడు.

"పదికి పది," అన్నాడు. "నీయి ఎట్ల పోతయి సేటూ. నువ్వు మిషన్ ముట్టవు గద."

సింధూజ నోరు మూసుకోమని తండ్రి చెయ్యి లాగింది. భూదేవి కింద పడ్డ సంచి తీసుకుని దుమ్ము దులుపుకుంది.

"ఆయన మాటలకు ఏమనుకోకుండ్రి మేడం," అంది. "రేపటి సంది రోజు నా చేతులకే పెడ్తడు, నాకు తెలుసు. మీరు పొద్దుగాల ఆరింటికి రావాలె. తడిగుడ్డ తెచ్చుకోండ్రి, చీర ఖరాబ్ అయితది."

వస్తానన్నాను.